దేవుడికి పనికిరాని పువ్వు

మా తెలుగు సంఘం అధ్యక్షుడు సత్తిరాజు గారికి సిమెంటంటే ప్రాణం. ఎక్కడ పిడికెడు మట్టి కనిపించినా ఆయన చెయ్యి దురద పెడుతుంది. సంఘం హాలు ముందు మల్లె పాదు ఉండేది, దాని మీద టైల్సు పరిపించారు. పక్కనున్న వేపచెట్టు మొదలు చుట్టూ గట్టు కట్టించి, "కూర్చోవడానికి బాగుంటుందండీ" అన్నారు. ఆ గట్టు మీద ఇంతవరకు కూర్చున్నవి కుక్కలే. ఇక మిగిలింది హాలు వెనక స్థలం ఒక్కటే. దాని మీద ఆయన కన్ను పడిందని తెలిశాక నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం. నేను బాగానే నిద్రపోయాను. పట్టనిది ఆయనకే. ఎందుకంటే అడ్డం నిలబడింది నేను.

నా పేరు మహేశ్వరి. రాయ్‌పూర్‌లోనే పుట్టాను. మా నాన్న పార్వతీపురం వైపు నుంచి ఇక్కడి వ్యాగన్ రిపేర్ షాపులో పనికి వచ్చాడు, మా ఆయన కూడా ఆ షాపులోనే ఫిట్టరు. నేను కాలనీలో జాకెట్లు కుడతాను. పండరీ బజారులో లైనింగు గుడ్డ కొనడానికి వెళితే దుకాణం వాళ్ళు నన్ను చూసి ముందే రేటు తగ్గించేస్తారు. బేరం మొదలైతే వాళ్ళకి మధ్యాహ్నం భోజనం ఉండదని తెలుసు.

మా పాత క్వార్టరుకి వెనక పెరడు ఉండేది. కరివేపాకు, రెండు జామచెట్లు, పందిరి నిండా సొరపాదు. ఆ క్వార్టర్లు కూలగొట్టి మూడంతస్తుల ఫ్లాట్లు కట్టారు. మాకు పై అంతస్తు వచ్చింది. కరివేపాకు మొక్కని రంగు డబ్బాలో పెట్టి బాల్కనీలో ఉంచాను, ఎండకి మాడిపోయింది. ఆ రోజు నేను ఏడ్చాను. నేను ఏడవడం మా ఆయన చూడడం అదే మొదలు. భయపడి టీ పెట్టాడు.

ఆ మర్నాడే కింది ఇంటి సూరమ్మప్పని వెంటేసుకుని హాలు వెనక్కి వెళ్ళాను. సూరమ్మప్పది పలాస. వయసు డెబ్బై దగ్గర పడింది, పలుగు పడితే మాత్రం ఎవరూ నమ్మరు. ఇటుక ముక్కలు, పెళ్ళిళ్ళ విస్తరాకులు, పగిలిన కమోడు ఒకటి, అన్నీ ఏరి పారేశాం. కాలనీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి వేశారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి బంతి, చామంతి, మందారం, నందివర్ధనం, కనకాంబరం, ఒక పక్క గుమ్మడి, బీర. చివరి వరసలో నేను వంగ నాటాను. మా ఆయనకి గుత్తి వంకాయ ఉంటే చాలు, లోకంతో పని లేదు.

సూరమ్మప్ప మూతి ముడిచింది. "వంగపువ్వు దేవుడికీ పనికిరాదు, కొప్పుకీ పనికిరాదు. ఉత్తినే జాగా దండగ గాదేటే?"

"కూరకి పనికొస్తాదప్పా."

"కూర బజార్లో దొరుకుతాది. దేవుడికి పువ్వు దొరకొద్దేటి?" అంది. ఆవిడ లెక్కలో మొక్కలు రెండే రకాలు, దేవుడివి, మిగతావి.

ఇలా ఉండగా సంఘం సర్వసభ్య సమావేశంలో సత్తిరాజు గారు లేచి నిలబడ్డారు. ఆయనది భీమవరం పక్క. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు తప్ప వేరే వేసుకోగా చూసినవాళ్ళు లేరు. "హాలు వెనక స్థలం ఊరికే పడి ఉందండీ. నేల చదును చేసి సిమెంటు పోసి, పైన రేకుల షెడ్డు వేద్దామండీ. ఫంక్షన్లకి అద్దెకిస్తే ఆ వచ్చేదానితో మన పిల్లల ఫీజులకి సాయం చెయ్యొచ్చండీ" అన్నారు.

ఆయన చెడ్డవాడేం కాదు. అదే చిక్కు. చెడ్డవాడితో పోట్లాడటం సులువు.

"ఊరికే పడి ఉందా?" నేను లేచాను. "అక్కడున్నది తోట సత్తిరాజు గారూ. మీకు కళ్ళద్దాలు మార్చాల్సొచ్చిందేమో."

"తోటంటే కాంపౌండ్ వాల్ ఉండాలి కదండీ. నీళ్ళ బోరు ఉండాలి కదండీ. ఆవులు మేసిపోతున్నాయి, నీళ్ళు హాలు ట్యాంకులోంచి మోస్తున్నారు. సంఘం దగ్గర తోటకి పెట్టే డబ్బు లేదండీ."

అప్పుడు ఫణిశ్రీ లేచింది. పండరీ బ్రాంచిలో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది, కొత్తగా పెళ్ళై కాలనీకి వచ్చిన పిల్ల. ఉత్త పుణ్యానికే ఎప్పుడూ తోటలో ఫోను పట్టుకుని పురుగుల ఫొటోలు తీసుకునేది. బీర్‌గావ్ పక్కనున్న ఒక ఫ్యాక్టరీ వాళ్ళకి ఫౌండేషన్ ఉందట. నలుగురూ కలిసి పెంచే తోటలకి డబ్బు ఇస్తారట, గోడ కట్టుకోవడానికి, బోరు వేసుకోవడానికి. షరతులు రెండు. ఆ తోట తేనెటీగలకీ సీతాకోకచిలకలకీ ఆసరాగా ఉండాలి. డబ్బు తీసుకున్నాక పదేళ్ళపాటు ఆ నేల తోటగానే ఉంచుతామని సంఘం ఒప్పుకోవాలి.

"ఓలమ్మా! తేనీగలకి డబ్బులిత్తారేటి?" సూరమ్మప్ప బుగ్గలు నొక్కుకుంది. "మనుసులకి ఎవుడూ ఇవ్వడు గానీ!"

ఫణిశ్రీ ఓపిగ్గా చెప్పింది. పువ్వు కాయ అవ్వాలంటే పుప్పొడి చేరాల్సిన చోటికి చేరాలని, మోసేవి ఈ పురుగులేనని, ఊరంతా సిమెంటు అయ్యేసరికి వాటికి తిండీ లేదు, గూడూ లేదని. సిమెంటు అన్నప్పుడు అందరూ సత్తిరాజు గారి వైపు చూశారు. ఆయన చొక్కా సర్దుకున్నారు.

"సరేనండీ. కార్తీక మాసం వనభోజనాల దాకా ఆగుతాను. ఫండు వస్తే తోట మీది, నేనే సంతకం పెడతాను. రాకపోతే షెడ్డు. మాటంటే మాటేనండీ."

"రాసి పెట్టుకోండి" అన్నాను. "ఫండు తెస్తాను. తేలేకపోతే మీ షెడ్డుకి మొదటి ఇటుక నేనే మోస్తాను, కుట్టు మిషను పక్కన పెట్టి మరీ."

ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మా ఆయన మాత్రం తల పట్టుకున్నాడు. ఇంటికొచ్చాక, "అంత మాట ఎందుకన్నావే?" అన్నాడు. "మాట పెద్దదైతేనే పని పెద్దదవుతుంది, నువ్వు తిను" అన్నాను.

ఆ తరవాత ఫణిశ్రీ చెప్పినవన్నీ చేశాం. పురుగుమందు ఊసే లేదు. పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పెట్టాం, తేనెటీగలు మునిగిపోకుండా రాళ్ళ మీద నిలబడి తాగుతాయట. ఒక సాయంత్రం ఫణిశ్రీ వంగ వరస పక్కన, నడిచే దారి అంచున మోకాళ్ళ మీద కూర్చుని నేల చూస్తోంది.

"ఆంటీ, ఇక్కడ చిన్న చిన్న బొరియలున్నాయి చూశారా? తేనెటీగలన్నీ పట్టులో ఉండవు. కొన్ని ఇలా ఒంటరిగా నేలలో గూడు పెట్టుకుంటాయి."

నాకు నవ్వు ఆగలేదు. "నేలలో ఉండేవి చీమలమ్మా. బ్యాంకులో పనిచేసి చేసి నీకు అన్నీ లాకర్లలోనే ఉంటాయనిపిస్తోంది."

తనూ నవ్వేసి ఊరుకుంది. పెద్దదాన్ని కదా అని ఇంకేం అనలేదు.

దసరా వెళ్ళేసరికి తోట చూడముచ్చటగా ఉంది. బంతిపూల మీద తేనెటీగల రొద హాలు గేటు దాకా వినిపించేది. ఫౌండేషన్ నుంచి ఫోను వచ్చింది. భావన దేవాంగన్ అనే ఆవిడ శుక్రవారం పొద్దున్న వస్తుంది. తోటలో గంటసేపు కూర్చుని, ఏ పువ్వు మీదికి ఏ పురుగు వస్తోందో చూసి రాసుకుంటుంది. తిల్దాలో ఇంకో తోట ఉంది, దాన్ని ఇదివరకే చూసేసింది. ఈ ఏడు డబ్బు రెండింట్లో ఒకదానికే.

"గంట దేనికి? ఐదు నిమిషాలు చాలు" అన్నాను ఫోను పెట్టేసి. అంత ధీమా నాకు.

ఇంటికి మనిషి వస్తుంటే ఏం చెయ్యాలో మాకు ఒకరు నేర్పక్కర్లేదు. గురువారం పొద్దున్నే చీపుళ్ళు, పలుగులు పట్టుకుని దిగాం. ఫణిశ్రీకి బ్యాంకులో తనిఖీ ఉందని ఉదయం వెళ్ళి చీకటి పడ్డాకగానీ రాలేదు. ఎండు కాడలు పీకేశాం, రాలిన ఆకు కనబడకుండా ఊడ్చేశాం. నడిచే దారి మరీ గతుకులుగా, బొక్కలు బొక్కలుగా ఉంది. సూరమ్మప్ప పాలవాళ్ళ పశువుల కొట్టం నుంచి రెండు బకెట్ల పేడ తెచ్చింది. ఎర్రమట్టి, పేడ కలిపి, బొక్కలన్నీ పూడ్చి, గేటు నుంచి వంగ వరస చివరి దాకా దారిని అద్దంలా అలికేశాం. నడుం పడిపోయింది గానీ, ఆ నున్నటి నేల చూస్తే కడుపు నిండిపోయింది. ఎన్నేళ్ళయిందో మట్టినేల అలికి! ఫ్లాటులో గచ్చుకి తడిగుడ్డ పెట్టడం తప్ప ఏముంది?

శుక్రవారం తెల్లవారగానే కళ్ళాపి చల్లి నేను ముగ్గు వేశాను. చుక్కల ముగ్గు, మెలికల ముగ్గు, దారి పొడుగునా. బియ్యప్పిండితోనే వేశాను, ముగ్గురాయి పొడి కాదు. ఈలోగా సూరమ్మప్ప బుట్ట పట్టుకుని తోటలో పడింది.

"ఒలే, ఆయమ్మ మెడలో బజారు దండ ఏస్తే ఏటి బాగుంటాది? మన తోట పూలే ఏసినామనుకో, దాని దర్జాయే ఏరు."

నిజమే కదా అనిపించింది. బంతులన్నీ గేటుకి తోరణం అయ్యాయి. చామంతి, కనకాంబరం, మధ్య మధ్య మరువం వేసి దండ నేనే కట్టాను. అలాంటి దండ మా ఆయన మెడలో పెళ్ళినాడు కూడా పడలేదు. నందివర్ధనాలు, మందారాలు పళ్ళెంలో రేకులయ్యాయి. తలా ఒక పువ్వు జడల్లోకి వెళ్ళింది. గుమ్మడి పూలు పకోడీలకి కోసేశాం, ఇక్కడి వాళ్ళకి అవంటే ప్రాణం కదా. బీరపూలు సంజవేళగానీ విచ్చుకోవు. నేను దండకి చివరి ముడి వేస్తుండగా ఫణిశ్రీ స్కూటీ దిగి గేటులోంచి వచ్చింది.

వచ్చి నిలబడిపోయింది. తోరణం చూసింది. దండ చూసింది. మొక్కలు చూసింది.

"ఆంటీ, పూలేవీ?"

"ఇవేగా!" దండ ఎత్తి చూపించాను.

"తేనెటీగలు దేని మీద వాలతాయి ఆంటీ?"

అంతే. నా చేతిలో దండ బరువెక్కింది. చుట్టూ చూశాను. బంతి మొక్కలన్నీ ఉత్త పచ్చగా, బోసిగా ఉన్నాయి. తేనెటీగ ఒకటి వచ్చింది, బంతి మొక్క చుట్టూ తిరిగింది, హాలు అవతలకి వెళ్ళిపోయింది. మా కాలనీలో తెలివైన ఆడవాళ్ళందరం కలిసి, తోటని చూడ్డానికొచ్చే మనిషి కోసం తోటనే కోసి కుప్ప పెట్టాం. కళ్ళ ముందు రేకుల షెడ్డు కనిపించింది, దాని కింద బఫే బల్లలు కూడా.

ఫణిశ్రీ అప్పటికే దారి వైపు తిరిగింది. అలికిన నేల చూసి ఆగింది. వంగ వరస దగ్గరకి వెళ్ళి నేల వైపే చూస్తూ నిలబడింది. తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొరియల సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. బొక్కలన్నీ పూడ్చిన చేతులు నావే. తనతో మాట్లాడే ముఖం నాకు లేకపోయింది.

సూరమ్మప్ప మాత్రం తోరణంలోంచి బంతిపూలు పీకడం మొదలుపెట్టింది. "దారం ఉంది కదా, మళ్ళీ మొక్కలకి కట్టీద్దాం. ఎవులికి తెలుస్తాది?" ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆవిడ వెనక చేరారు. ఒక మొక్కకి నాలుగు పూలు కట్టేశారు కూడా. దూరం నుంచి చూస్తే బాగానే ఉన్నాయి. ఒక్క క్షణం నా చెయ్యి కూడా దారం మీదికి వెళ్ళింది. గేటు బయట జీపు ఆగిన చప్పుడైంది.

"విప్పెయ్యండి" అన్నాను.

"ఒలే..."

"విప్పెయ్యప్పా! పండరీలో ఎవడైనా అతుకుల గుడ్డ కొత్తదని అమ్మబోతే వాడి దుకాణం ముందు నేనేం చేస్తానో నీకు తెలుసు. ఆ పని నేను చెయ్యను. పోతే పోనీ."

నేనే వంగి మొదటి పువ్వు దారం తెంపాను.

భావన దేవాంగన్ ముప్పై దాటని మనిషి. సాదా సల్వారు, భుజాన సంచి, చేతిలో రాసుకునే అట్ట. వెనకే సత్తిరాజు గారు ఇస్త్రీ బట్టల్లో దిగారు, అధ్యక్షుడు కదా. నేను దండ వెయ్యబోలేదు. ఆవిడ దండా, మొక్కలూ మార్చి మార్చి చూసింది.

"దీదీ, సారే ఫూల్ తోడ్ లియే?" అంది. పూలన్నీ కోసేశారా అని.

"కోసేశామమ్మా" అన్నాను హిందీలోనే. "మీరొస్తున్నారనే కోశాం. మర్యాద అనుకున్నాం, బుద్ధి లేకపోయింది. నిన్న వచ్చుంటే ఇక్కడ నిలబడితే చెవులు గింగురుమనేవి. రేపు రండి, మళ్ళీ పూస్తాయి."

"సాయంత్రానికి నా రిపోర్టు వెళ్ళిపోవాలి దీదీ. నేను చూసిందే రాస్తాను, చూడనిది రాయలేను." గొంతులో కోపం లేదు. జాలి కూడా లేదు. అది నాకు నచ్చింది, ఆ పరిస్థితిలో కూడా. కుర్చీ వేస్తే వద్దని, వంగ వరస దగ్గర మట్టి గట్టు మీద కూర్చుని గడియారం చూసుకుంది.

మేమంతా వరసగా నిలబడ్డాం. ఒక ఈగ వచ్చి పకోడీల పళ్ళెం మీద వాలింది.

"ఇదుగోనండీ, ఒకటొచ్చింది. రాసుకోమనండి" అన్నారు సత్తిరాజు గారు నెమ్మదిగా. మరీ వెటకారం కాదు గానీ, ఆయన కళ్ళు అప్పుడే స్థలాన్ని కొలుస్తున్నాయి. ఇక్కడ స్తంభం, అక్కడ స్తంభం. కొలుచుకుంటూ అడుగులు వేస్తూ నా ముగ్గు మీదికి నడిచారు.

ఎండ వేపచెట్టు దాటి దారి మీద పడింది. అలికిన నేల వెచ్చబడుతోంది. నేను తల దించుకుని ముగ్గునే చూస్తున్నాను, ఇంకెటు చూడను? అప్పుడు ఒక చుక్క కదిలింది.

కళ్ళు నలుపుకున్నాను. ముగ్గు చుక్క కింద పేడ పెళ్ళ చిన్నగా లేచింది. పిండి పక్కకి రాలింది. లోపల నుంచి ఏదో తోస్తోంది. రెండు నల్లటి మీసాలు పైకి వచ్చాయి. సరిగ్గా దాని మీదికే సత్తిరాజు గారి బూటు దిగుతోంది.

"కాలు తియ్యండి!" అని అరిచాను. ఆయన ఆగలేదు, అరుపు ఎవరి మీదో అనుకున్నారు. ఇక నేను ఆలోచించలేదు. రెండు చేతులతో ఒక్క తోపు తోశాను. మా సంఘం అధ్యక్షుడు, రెండుసార్లు ఏకగ్రీవంగా ఎన్నికైన మనిషి, తెల్ల ప్యాంటుతో సహా వెళ్ళి కళ్ళాపి తడి ఆరని చోట బోర్లా పడ్డారు.

"ఓలమ్మ నాయనో!" అంది సూరమ్మప్ప.

మా ఆయన డ్యూటీలో ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు. మిగిలిన అందరి నోళ్ళూ తెరుచుకుని ఉండిపోయాయి. నేను వంగి లేవదియ్యబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. ఆయన లేవడం లేదు. ముక్కుకి జానెడు దూరంలో నేలని చూస్తున్నారు.

"మహేశ్వరి గారూ" అన్నారు. "ఏదో వస్తోందండీ లోపల్నుంచి... తేనెటీగండీ! నీలం చారలండీ దీనికి! అబ్బ, ఎంత బాగుందండీ!"

అది పూర్తిగా బయటికి వచ్చింది. ఒళ్ళంతా పిండి. ముందు కాళ్ళతో మొహం తుడుచుకుంది, రెక్కలు విదిల్చింది. పొట్ట మీద మెరిసే నీలం గీతలు. ఇంతలో ఆయన మోచెయ్యి పక్కన ఇంకో చుక్క లేచింది.

"మేడమ్! ఇధర్ దేఖియే! యహా ఔర్ ఏక్!" సత్తిరాజు గారు ఇటు చూడమని, ఇక్కడ ఇంకోటి ఉందని పడుకునే కేకలు వేస్తున్నారు. "జల్దీ ఆయియే మేడమ్! ఎవరూ ఇటు నడవకండీ, చెబుతుంటే వినరేంటండీ!"

భావన అట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. ఫణిశ్రీ రెండు చేతులతో నోరు మూసుకుంది, చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. "రాత్రి గూట్లోనే ఉండిపోయాయి ఆంటీ, తవ్వుకుని వస్తున్నాయి" అంది. నేను పూడ్చిన ప్రతి బొక్కా మళ్ళీ తెరుచుకుంటోంది. వంగ వరస పక్కన, దారి పొడుగునా, నా ముగ్గులో అక్కడొకటి ఇక్కడొకటి.

వచ్చాయి సరే, వాలడానికి పువ్వేదీ? ఆ భయం నాకు అప్పుడు పట్టుకుంది. మొదటిది గాల్లో నిలబడి అటూ ఇటూ చూసింది. బోసి బంతి మీదికి వెళ్ళింది, తిరిగొచ్చింది. మందారం దగ్గరకి వెళ్ళింది, తిరిగొచ్చింది.

తరవాత తిన్నగా వంగ వరసలోకి వెళ్ళింది.

వంగపూలని ఎవరూ కొయ్యలేదు. కోయాలని ఎవరికి తోస్తుంది? దండకి కూడదు, దేవుడికి కూడదు. ఆకుల కింద తలలు వంచుకుని ఊదారంగు పూలు విరగబూసి ఉన్నాయి. తేనెటీగ ఒక పువ్వుని కింద నుంచి కాళ్ళతో పట్టుకుని వేలాడింది. జుమ్మ్ అని ఒక్కసారి గట్టిగా మోగింది. పువ్వు మొత్తం వణికింది, పసుప్పచ్చ పొడి దాని పొట్ట మీద రాలింది. ఆ పక్క పువ్వు మీద ఇంకోటి. ఆ పైన ఇంకోటి. వరసంతా మోగడం మొదలైంది.

భావన గబగబా రాస్తోంది. మధ్యలో తల ఎత్తి నాతో చెప్పింది, వంగపువ్వు పుప్పొడిని బిగించి పెట్టుకుంటుందట, మామూలు తేనెటీగకి ఇవ్వదట. ఇలా పట్టుకుని ఊపేవాటికే ఇస్తుందట. "నీలం చారలది మొక్కల మీద చూస్తాం దీదీ. గూళ్ళు ఇన్ని ఒక్కచోట నేను చూడలేదు. తిల్దా తోటలో పూలు చాలా ఉన్నాయి, కానీ మడుల మధ్య నేలంతా టైల్సు పరిచేశారు."

టైల్సు అన్న మాట విని సత్తిరాజు గారు లేచి కూర్చున్నారు. మోకాళ్ళ నుంచి చొక్కా గుండీల దాకా పేడ. గడ్డం మీద ముగ్గుపిండి.

గంట అయ్యాక భావన అట్ట మూసింది. "పూలు మొత్తం కోసేసిన సంగతి కూడా రాశాను, దీదీ" అంది.

"రాయండి. జరిగింది కదా" అన్నాను.

"ఇంకొకటి. ఆ నేలని ఇంకెప్పుడూ అలకొద్దు."

"మా అమ్మ తోడు" అన్నాను. ఆవిడ అప్పుడు నవ్వింది. గుమ్మడిపూల పకోడీలు తింది, ఇంకో నాలుగు కాగితంలో కట్టించుకుంది కూడా.

జీపు వెళ్ళాక నేను సత్తిరాజు గారి ముందు నిలబడ్డాను. తోసినందుకు క్షమాపణ చెప్పాలి కదా, నాకు అలవాటు లేని పని. మొదలుపెట్టేలోగా ఆయనే అన్నారు.

"ఫౌండేషన్ వాళ్ళు ప్యాంటు ఉతుకుడు ఖర్చు కూడా ఇస్తారేమో కనుక్కోండి."

"నేనే ఉతికిస్తానండీ."

"వద్దులెండి." ఆయన వంగ వరస వైపు తిరిగారు. "ముక్కు ముందుకొచ్చి మొహం తుడుచుకుందండీ అది. మనిషిలాగే. సరే, ఫండు రానివ్వండి, చూద్దాం. మాటంటే మాటే."

కార్తీకం రాకముందే కబురొచ్చింది, డబ్బు మాకే. సత్తిరాజు గారు తడబడకుండా సంతకం పెట్టారు, పదేళ్ళకి. గోడ ఆయనే దగ్గరుండి కట్టించారు, సిమెంటు పని కదా, ఆయన్ని ఆపగలమా? ఒక తాపీ మేస్త్రీ వంగ వరస పక్కన ఇసక పొయ్యబోతే ఆయన వేసిన కేకకి కాలనీ మొత్తం బాల్కనీల్లోకి వచ్చింది. వనభోజనాలు అక్కడే పెట్టాం. నేను ఇటుకలు మొయ్యలేదు, గుత్తి వంకాయ వండాను. సత్తిరాజు గారు మూడుసార్లు వడ్డించుకున్నారు.

ఇప్పుడు సూరమ్మప్ప పొద్దున్నే బుట్టతో గేటు దగ్గర కాపలా ఉంటుంది. ఎవరింటి దేవుడికైనా రెండు పూలే. మూడోది కోస్తే, "దేవుడు మొన్ననే తిన్నాడు, ఈగలు తినాలా వద్దా?" అని చెయ్యి మీద ఒక్కటేస్తుంది. తన పూజకి మాత్రం వంగపువ్వు ఒకటి తీసుకెళుతోంది. అడిగితే, "తోటని నిలబెట్టిన పువ్వు. దేవుడు ఒద్దంటాడేటి? ఒద్దంటే నాను మాటాడతాను ఆయనతో" అంది.

నేను ఆ దారిలో ముగ్గు మాత్రం మానలేదు. అలకను, కళ్ళాపి చల్లను, ఎండిన మట్టి మీదే వేస్తాను. కొత్త బొరియ ఎక్కడ పడిందో చూసుకుని, దాని చుట్టూ మెలిక తిప్పుకుంటూ పోతాను. ఒక్కో రోజు ముగ్గు వంకరగా వస్తుంది, ఒక్కో రోజు నేను ఎన్నడూ వెయ్యని ముగ్గు పడుతుంది. చుక్కలు అవి పెడతాయి, గీతలు నేను గీస్తాను.